మనసుతో మాటలాడు భాష

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈనాడు మాకు నియమింపబడిన విషయము కాలము, మనస్సు, లోపల దాగియున్న తాను. ఇది వేదాంతుల సొత్తుగదా, భాషాసంఘమునకు దీనితో నేమి పనియని కొందఱకు తోచవచ్చును. మేము వేదాంతము చెప్పబోవుట లేదు. ఈ మూటిని గుఱించి తెలుగువారు చిన్న చిన్న పద్యములలో నేమి చెప్పుకొనిరో, ఆ పద్యములు తెలుగునాటికి వెలుపల తరతరములుగా కాపురమున్న మనకేల ముఖ్యములో, వానిని మన పిల్లల కెట్లందింపవలెనో, ఇంతమాత్రమే మనవి చేయదలచితిమి.

మనలో ప్రతివారును దినమునకు రెండు మూడు భాషలు మాటలాడువారే. బళ్ళారిలోను కోలారులోను నున్నవారికి అంగడిలో కన్నడము. మధురలో, రాజపాళెములో, హోసూరులో నున్నవారికి తమిళము. బరంపురమున, పర్లాకిమిడిలో ఒడియా. షోలాపురమున మరాఠీ. యానాములో వీధి తెలుగే యైనను, ఫ్రెంచివారి పరిపాలనమున్న 1954 వఱకు కచ్చేరీలో ఫ్రెంచి. మనలో కొందఱము పూర్వము కదలివచ్చి స్థిరపడినవారము. విజయనగర నాయకరాజుల కాలమున తమిళదేశమునకు పోయినవారును, మగ్గము చేతబట్టి షోలాపురము చేరినవారును అట్టివారు. మఱికొందఱము కదలనేలేదు, సరిహద్దు కదలినది. 1936లో ఒడిసా రాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడివారికిని, 1953లో ఆంధ్ర రాష్ట్ర మేర్పడినప్పుడు బళ్ళారివారికిని జరిగిన దిదియే.

వీధిలో ఏ భాష మాటలాడుదుమో అందఱకును తెలియును. మేమడుగునది వేఱొకటి. పైకముగాని, పంట బస్తాలుగాని లెక్కపెట్టుకొనునప్పుడు లోలోపల ఏ భాషలో లెక్కింతుము? కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు నోట వెలువడు కేక ఏ భాషది? రాత్రి దీపమార్పి పండుకొన్న తరువాత ఆనాటి పని తలపునకు వచ్చి, ఏమిరా యిట్లు చేసితివి అని తన్ను తాను మందలించుకొనునప్పుడు ఏ భాషలో మందలించుకొందుము? ఆ భాషయే మనసుతో మాటలాడు భాష. ఏ జనాభా లెక్కకును అది యందదు. ఎవరి దెవరికి వారికే తెలియును.

ఇట్లు మనసుతో మాటలాడుకొనుటకు తెలుగువా రేర్పఱచుకొన్న పనిముట్టు చిన్నపద్యము. సుమతి శతకపు కందము కావచ్చును, వేమన ఆటవెలది కావచ్చును. నేడు వేమన ఆటవెలదినే ముందుంచుకొందము. అది పండితుల గడపకంటె ముందు పామరుల గడప తొక్కినది గనుకను, మన తెలుగిండ్లలో పెద్దలనుండి పిల్లలకు నోటిమీదుగా చేరిన పద్యములలో అది ముఖ్యమైనది గనుకను దాని నెన్నుకొంటిమి.

పిల్లల కొఱకు ఆ పద్యపు కొలత చెప్పుదము. ఆటవెలదికి నాలుగు పాదములు. ఒకటవ, మూడవ పాదములలో మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. రెండవ, నాలుగవ పాదములలో ఐదును సూర్యగణములే. సూర్యగణమునకు మూడు మాత్రలు గనుక రెండవ, నాలుగవ పాదములు సరిగా పదునైదు మాత్రలు. తక్కిన రెండును పదునేడు మొదలు పందొమ్మిది మాత్రల వఱకు నుండును. అనగా ఊపిరి ఒకసారి సాగును, ఒకసారి కుదియును, మరల సాగును, మరల కుదియును. కందమునకువలె ప్రాసనియమము దీనికి లేదు. యతికి బదులు ప్రాసయతి చెల్లును. చదువురానివాడును దీనిని చెవితో పట్టుకొనుటకు కారణ మీ కొలతయే.

అందును వేమన నాలుగవ పాదమును మకుటమునకు విడిచెను. చెప్పదలచినదెల్ల మూడు పాదములలో ముగియవలెను. ఆ నాలుగవ పాదమున కవి తన పేరు పెట్టి తన్నే పిలిచి, వినుమని చెప్పుచున్నాడు. దీనిని మనము చిన్ననాటినుండి వినుచున్నాము గనుక వింతగా తోచదు గాని, ఆలోచించిన కొలది ఇది పెద్ద విషయము. ఉపదేశించువాడు ఎదుటివానివైపు వ్రేలు చూపుట లోకసహజము. ఇతడు వ్రేలు తనవైపు త్రిప్పుకొనెను. ఆ పద్యమును చదివిన ప్రతివాడును ఆ చోట నిలువవలసినదే. మందలించువాడును తానే, వినువాడును తానే.

ఆ పద్యములు చెప్పిన దేమి? మూడింటిని మాత్రము తలచుకొందము.

మొదటిది కాలమును గుఱించినది. కాలమనగానే మనకు చావు తోచును, గడిచిన యౌవనము తోచును. వేమనలోను అట్టి పద్యములు కలవు. కాని పిల్లలందఱకును వచ్చిన ఒక పద్యమున కాలము శత్రువు కాదు, చెలికాడు. పాట మాటిమాటికి పాడుటచేత రాగము మెఱుగెక్కుననియు, వేపాకు నోటికలవాటైన కొలది చేదు పోవుననియు, సాధనముచేత పనులు నెఱవేఱుననియు ఆ పద్యపు భావము. దీనిలో దేవుడు లేడు, అదృష్టము లేదు, నిన్నచేసిన పనిని నేడు మరల చేయుట మాత్రమే కలదు. పరభాషాప్రాంతమున పుట్టిన పిల్లలకు తెలుగక్షరము మొదట వేపాకే. ఒకదినము బలవంతముగా నోట గ్రుక్కి, ఉమిసిన పిదప తిట్టుట మన అలవాటు. వేమన చెప్పిన మార్గమది కాదు.

రెండవది మనస్సును గుఱించినది. లోపలి శుద్ధిలేని ఆచారము, గిన్నె కడుగక చేసిన వంట, చిత్తము నిలువని పూజ, ఈ మూటిని ఒక వరుసలో నిలిపి ఎందులకని అడిగిన పద్యము. పూజగదిలో మొదలైన ప్రశ్న వంటయింటిలోనికి నడచిపోయినది. మనస్సును గిన్నెతో పోల్చుటచేత, గృహిణులకు దినదినమును కంటబడు వస్తువొకటి వేదాంతమునకు సాక్షియైనది. మన సంఘములకును ఈ పద్యము పనికివచ్చును. ఉగాదినాడు వేదికమీద తెలుగుతల్లికి పూలమాల వేసి, ఇంటికిపోయి పిల్లలతో తెలుగున నాలుగు మాటలాడకుండుట గిన్నె కడుగని వంటయే.

మూడవది దాగియున్న తన్ను గుఱించినది. మేడిపండు పైకి మిసమిసలాడును, విప్పినచో పురుగులు. పిఱికివాని బింకమును అట్టిదే యని వేమన చెప్పెను. ఈ పద్యమును ఇతరులను వెక్కిరించుటకు వాడుట మనకు బాగుగా తెలియును. మకుటమును మఱువనివాడు మాత్రము దానిని తనమీద ప్రయోగించుకొనును. నా బింకమెక్కడ? దాని లోపల నున్న భయమెక్కడ? పిల్లవాడు తెలుగు మఱచిన నేమి, ఉద్యోగము ముఖ్యము అని గట్టిగా వాదించు తండ్రిని చూడుడు. బడిలో తోటివారు నవ్వుదురను భయమును, తాను చిన్ననాట పడిన అవమానమును ఆ గట్టిగొంతు వెనుక దాగియుండవచ్చును. అతనిని దూషించుట మా యుద్దేశము కాదు. ఆ భయము మనలో చాలమందికి కలదు. దానిని విప్పి చూచుకొన్నప్పుడే అది చిన్నదగును.

ఈ పద్యములు మనకు చేరిన విధము గూడ తెలిసికొనదగినది. పండితు లంతగా లెక్కచేయని కాలమున ఇవి జనుల నాలుకలమీదను, తాటాకులమీదను బ్రదికినవి. 1820లో కడపకు వచ్చిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొర ఆ ప్రతులను సేకరింపించి, 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చువేయించెను. 1839లో వచ్చిన రెండవ కూర్పున 1164 పద్యములు కలవు. తరువాత 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున వేమనను గుఱించి యిచ్చిన ఉపన్యాసములు ఆ కవిని సాహిత్యవిమర్శకుల యెదుట నిలిపినవి. మనము గమనింపవలసిన దొకటి కలదు. శర్మగారు ఆనాడు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించుచుండిరి. వేమనను కొత్తకన్నులతో చూపిన ఆ పండితుడు కన్నడదేశమునుండి పోయి మాటలాడెను. పొరుగున నుండుట మన భాషను చూచుటకు అడ్డు కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

తమిళదేశమున మఱియొక నిదర్శనము కలదు. 1767లో తిరువారూరున తెలుగు కుటుంబమున పుట్టి, తిరువయ్యాఱున జీవించి, 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి తన కృతులలో అనేకములందు ఓ మనసా యని తన మనస్సునే పిలిచెను. చుట్టును తమిళము, ఏలికలు మరాఠావారు, అటుపిమ్మట ఇంగ్లీషువారి పెత్తనము. అయినను ఆయన మనస్సును మందలించుటకును, బుజ్జగించుటకును, ఎందులకిట్లు తిరిగెదవని ప్రశ్నించుటకును ఎన్నుకొన్న భాష ఇంటి తెలుగు. ఆ తెలుగును నేడు తెలుగు రాని గాయకులును అర్థము తెలిసికొని పాడుచున్నారు. పరభాషల నడుమ నుండుటచేత ఆయన తెలుగు క్షీణింపలేదు. అది ఆయనకు తనలోనికి దిగిపోవు మెట్లదారి యైనది.

ఈ సంపద తెలుగువారికే కలదని మాత్రము అనుకొనరాదు. తమిళులకు రెండు పాదముల కుఱళ్ళు 1330 కలవు. కన్నడిగులకు సర్వజ్ఞుని త్రిపదులు కలవు. అతడును పద్యము చివర తన పేరే నిలిపెను. మరాఠీవారికి తుకారాము అభంగములు కలవు. వానిలోను తుకా యను పేరు వినబడును. 2009లో బెంగుళూరున తిరువళ్ళువరు విగ్రహమును, చెన్నపట్టణమున సర్వజ్ఞుని విగ్రహమును ఒకే నెలలో ఆవిష్కరించిరి. ఇరుగుపొరుగు భాషలవారు ఒకరి కవికి మఱియొకరు చోటిచ్చిన ఆ పని మెచ్చదగినది. మన పిల్లలు బడిలో కుఱళు నేర్చినను, త్రిపది నేర్చినను సంతోషింపవలెను. అవియును కాలమును, మనస్సును గుఱించినవే. రెండు బావుల నీరు త్రాగినవానికి దాహమెక్కువ కాదు.

అయినచో ఇక తెలుగు పద్యమెందులకు, వివేకము కుఱళ్ళలోనే దొరకునుగదా యని అడుగువారు కలరు. ప్రశ్న న్యాయమైనదే. మా సమాధానమిది. వివేకము ఎచ్చటనైనను దొరకును. కాని ఇంటిలో ఒక అవ్వ యున్నది. ఆమె తనలో తాను గొణుగుకొనునది తెలుగు. దేవునితో మొఱపెట్టుకొనునది తెలుగు. పోయిన తాతను తలచుకొని కంటనీరు పెట్టుకొనునప్పుడు లోపల మెదలు మాటలు తెలుగు. మనుమనికి ఆ తెలుగు రానినాడు, అన్నము పెట్టుమనుటకును, మందు తెమ్మనుటకును సరిపడు నాలుగు మాటలు వారిద్దఱి నడుమ మిగులును. అంతకు మించిన ఆమె లోపలి బ్రతుకంతయు వానికి చదువరాని గ్రంథమగును. ఆమె పోయినపిదప ఆ గ్రంథమును చదివి చెప్పువారెవ్వరును ఉండరు. మనకు పోవునది ఇది. ప్రాచీనభాషా ప్రతిష్ఠ పోవుట దీని తరువాతి మాట.

మాతృభాషయే మనస్సునకు దారియను సంగతిని తెలుగువాడొకడు పరులకొఱకు ఆచరించి చూపెను. గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, ఆ ప్రాంతపు కొండలలోని సవరల భాష నేర్చి, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పుటకు పుస్తకములు వ్రాసిరి. సవరభాషకు వ్యాకరణమును 1931లోను, నిఘంటువును 1938లోను వెలువరించిరి. కొండపిల్లవాని మనస్సునకు వాని తల్లిభాషయే వాకిలియని ఆయన యెఱిగెను. పొరుగువాని పిల్లకు ఆయన చేసినది మన పిల్లలకు మనము చేయలేమా?

రాజ్యాంగము కొంత సాయము చేసినది. 1956 నాటి ఏడవ సవరణచేత చేర్చబడిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. 350-బి అధికరణము ఇట్టి రక్షణలను పరిశీలించుటకు ఒక ప్రత్యేకాధికారిని ఏర్పఱచినది. వీనికొఱకు మన సంఘములు అర్జీలు పెట్టవలసినదే, అధికారులను కలిసికొనవలసినదే. కాని బడిలో ఉపాధ్యాయుని నియమించుట ప్రభుత్వముచేత నగును, రాత్రి దీపమార్పిన తరువాత పిల్లవాడు తనతో తాను మాటలాడుకొను భాషను నియమించుట ఏ ప్రభుత్వముచేతను కాదు. అది ఇంటిపని.

ఇక పని యెట్లు చేయవలెనన్న మాట.

మన ఇండ్లలో పద్యము వచ్చి అక్షరము రాని పెద్దలున్నారు. అక్షరము వచ్చి పద్యము రాని నడివయసువారున్నారు. రెండును రాని పిల్లలున్నారు. ఆ పిల్లలకొఱకు కొందఱు తల్లిదండ్రులు తెలుగు పద్యములను తమకు తెలిసిన లిపిలో వ్రాసి యిచ్చుచున్నారు. ఇది మంచిపనియే గాని దీని హద్దు తెలిసికొనవలెను. కన్నడలిపిలో చిక్కు లేదు. హ్రస్వదీర్ఘములన్నియు అందు కలవు. పైగా కన్నడలిపి వచ్చినవానికి తెలుగు లిపి నేర్చుట మిక్కిలి తేలిక. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. గాలియో కాలియో చెప్పువాని నోటినుండియే తెలియవలెను. మరాఠీవారి నాగరిలోను, ఒడియాలోను వర్గాక్షరములన్నియు ఉన్నవి గాని హ్రస్వమైన ఎ, ఒ లకు వేఱు గుర్తులు లేవు. మూడు మాత్రల సూర్యగణము నాలుగు మాత్రలై పద్యము కుంటుపడును. కాబట్టి ఏ లిపిలో వ్రాసిచ్చినను, పెద్దవారి గొంతునుండి వినిపింపక పద్యము చేరదు. లిపి అంగడిలో దొరకును. గొంతు ఇంటిలోనే దొరకును, అదియును కొంతకాలమే.

అందువలన మేము చేయు మనవి యిది. ప్రతి యింటను వారమునకొక పద్యము పెట్టుకొందము. ఒక్కటే. మొదటి రెండు దినములు పెద్దవారు చెప్పుట, పిల్లలు వినుట. మూడవనాడు పిల్లలు చెప్పుట. నాలుగవనాడు అర్థము. అర్థమును పిల్లవాడు మొదట తనకు వచ్చిన భాషలోనే, తమిళములోనో కన్నడములోనో ఒడియాలోనో చెప్పనిండు. నవ్వకుడు, దిద్దకుడు. అర్థము లోపలికి పోయిన తరువాత మాటలు దానివెంట వచ్చును. ఐదవనాడు అదే అర్థమును తెలుగున ఒక వాక్యములో చెప్పించుట. ఆఱవనాడు తెలుగక్షరములలో పద్యమును వ్రాయించుట. ఏడవనాడు అదే తలపు గల కుఱళో, త్రిపదియో, అభంగమో తెలిసియున్నచో దానిని ప్రక్కన నిలిపి రెండును చెప్పించుట. సంవత్సరమునకు ఏబది రెండు పద్యములగును. రెండు సంవత్సరములు గడచునప్పటికి ఒక శతకము పిల్లవాని లోపల చేరియుండును.

అర్థము లేక వల్లెవేయించిన పద్యము మూత తీయని జాడీవంటిది. దానిని అటకమీద పెట్టి ఇంత సంపద కలదని చెప్పుకొనుట మాత్రమే మిగులును. అర్థము చెప్పి విడిచిన పద్యము ఏనాటికో పనికివచ్చును. పరీక్ష తప్పిననాడు, స్నేహితుడు విడిచిపోయిననాడు, తాను తప్పుచేసి ఎవరికిని చెప్పలేక రాత్రి మేలుకొన్ననాడు అది తానై నోటికి వచ్చును. ఆనాడు ఆ పిల్లవాడు ఏ దేశమున నుండునో, ఏ భాషలో ఉద్యోగము చేయుచుండునో మనమెఱుగము. వాని ప్రక్కన మనముండము. తన పేరు తానే పెట్టుకొని, వినుమని తనకు తాను చెప్పుకొను విద్య వానికి వచ్చియున్నచో చాలును.

సభ ముగిసిన తరువాత కార్యదర్శిగారి బల్లయొద్ద ఒక కాగితము పెట్టబడును. తమకు వచ్చిన పద్యముల మొదటి మాటలను పెద్దలు అందులో వ్రాయవలెనని, వ్రాతరానివారు పిల్లలచేత వ్రాయింపవలెనని ప్రార్థించుచున్నాము. ఆ పట్టికనుండి వారమునకొక పద్యము నెన్నుకొని, తాత్పర్యముతో ఈ పత్రికయందు ప్రకటింపబడును.